నల్లరాతి దారిలో దీపస్తంభము దాకా



శంషాబాద్‌లో విమానము ఎక్కేటప్పుడు గాని దిగేటప్పుడు గాని కిటికీ ప్రక్కన చోటు దొరికితే ఒకసారి నేలవైపు చూడండి. ఎవరో తీరికగా పేర్చిపోయినట్లు బండమీద బండ కనిపిస్తుంది. 2008 మార్చిలో విమానాశ్రయము తెరచిన తరువాత ఈ చుట్టుప్రక్కల చాలా బండలు పగిలి గోడలలోకి, రోడ్లలోకి పోయినవి గాని, మిగిలినవి ఇంకా చాలానే ఉన్నవి. ఇది గ్రానైటు రాయి. భూమి లోపల కరిగిన ముద్ద అక్కడే నెమ్మదిగా చల్లారితే ఏర్పడినది. వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క.

ఈ రాయి వేడిలో పుట్టినదే అయినా పైకి పొంగి పారినది కాదు. పారిన లావా చూడాలంటే మా ఊరి నుండి పడమటికి పోవాలి. చేవెళ్ళ దాటి, మర్రిచెట్ల రోడ్డు మీదుగా వికారాబాదు వైపు పోయేకొద్దీ గుండ్రాళ్ళు కనుమరుగై పత్తి పండే నల్లరేగడి వస్తుంది. మూసీ నది పుట్టిన అనంతగిరి కొండలు ఆ నల్లరాతి అంచున ఉన్నవి. అక్కడ మొదలైన రాయి మహారాష్ట్ర మీదుగా పడమటి కనుమల వరకు, దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు పరచుకొని ఉన్నది. దీనినే డెక్కన్ ట్రాప్స్ అంటారు. స్వీడను భాషలో ట్రాప్ప అంటే మెట్లు. ఒక పొర పారి చల్లారి, దానిమీద మరొక పొర పారి, కొండల ప్రక్కలు మెట్లు కట్టినట్లు ఉంటాయి కనుక ఆ పేరు వచ్చినది. ఇది జరిగి 6 కోట్ల 60 లక్షల సంవత్సరాలు అయినదంటారు.

మా సంఘములోని యౌవనస్థులతో ఈ నల్లరాయి వెంట సముద్రపు ఒడ్డున ఉన్న దీపస్తంభము వరకు వెళ్ళి వచ్చిన సంగతి వ్రాయబూనుకున్నాను. విహారయాత్రలు అందరూ చేస్తారు. మేము వెళ్ళడానికి కారణము వేరు.

మా సంఘములో విమానాశ్రయపు షిఫ్టు డ్యూటీలు చేసే కుటుంబాలు ఎక్కువ. సామాను ఎక్కించేవారు, టాక్సీ నడిపేవారు, ఊడ్చి తుడిచేవారు. వీరి పిల్లలు మాత్రము బాగా చదువుకుంటున్నారు. వారిలో ఒక కుర్రవాడు భూగర్భ శాస్త్రములో ఎం.ఎస్సీ. చదివాడు. చిన్ననాటి నుండి సండేస్కూలులో వాక్యాలు కంఠతా చెప్పి బహుమానాలు తెచ్చుకున్నవాడు. ఒక సువార్త కూడికకు అతిథిగా వచ్చిన ప్రసంగీకుడు భూమికి ఆరు వేల సంవత్సరాలే అని, అంతకు మించి చెప్పేవారు దేవుని ఎరుగనివారని బల్ల గుద్ది చెప్పారు. తరువాతి ఆదివారము నుండి ఆ కుర్రవాడు మందిరానికి రాలేదు.

నెల రోజులు చూసి వాని తల్లి మా ఇంటికి వచ్చింది. “అయ్యగారూ, మీరన్న జెర చెప్పుండ్రి. ఏమన్నంటే రాయి అబద్ధం చెప్పదమ్మా అంటుండు. నేనేం జవాబు చెప్పాలె?” అని కంటనీరు పెట్టుకున్నది. ఇటువంటి తల్లులు ఒక్క మా సంఘములోనే లేరు. ఈ పత్రిక చదివే ఇళ్ళలోనూ ఉన్నారు.

నేను వాని దగ్గరకు వెళ్ళి బోధ చేయలేదు. “బాబూ, నీ రాళ్ళు మాకు చూపించు, యూత్‌ను తీసుకొని నీతో వస్తాను” అన్నాను. వాడు కొంచెము సేపు నా ముఖము వైపు చూసి, “అనంతగిరి చూస్తే సగమే చూసినట్టు అయ్యగారూ, రాజమండ్రి పోవాలె” అన్నాడు.

రాజమండ్రి ఎందుకని మీరూ అడగవచ్చును. అక్కడ గోదావరికి రెండు ప్రక్కలా, తూర్పున కాతేరు దగ్గర, పడమట పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నము దగ్గర ఇదే నల్లరాయి తేలుతుంది. మధ్యలో వందల కిలోమీటర్ల మేర లేదు. ఈ లావా పడమటి కనుమల ప్రాంతములో పొంగి, ఆనాటి నదుల లోయలు పట్టుకొని, దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి తూర్పు సముద్రము చేరినదని ఎక్కువ మంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము. భూమి మీద ఇంత దూరము పారిన లావా మరొకటి కనబడలేదట. పైన చల్లారి పెంకు కట్టినా ఆ పెంకు క్రింద వేడి తగ్గక ముందుకు జరిగిపోతూ ఉంటుందని మా వాడు వివరించాడు. గిన్నెలో పాలమీద మీగడ కట్టినా లోపల పాలు మసలుతున్నట్లే అని అర్థము చేసుకున్నాను.

సంక్రాంతి వెళ్ళిన తరువాత పధ్నాలుగు మందిమి రాత్రి రైలెక్కి తెల్లవారుజామున నిడదవోలులో దిగాము. అక్కడి నుండి ఆటోలలో పంగిడి చేరి నడక మొదలుపెట్టాము. మొదట జీడిమామిడి తోటలు, ఎర్రమట్టి. కొంతదూరము పోగానే కాలి క్రింద చప్పుడు మారింది. దారంతా నల్లకంకర. టిప్పర్లు లేపిన దుమ్ముకు చెట్ల ఆకులు బూడిదరంగు పట్టి ఉన్నవి. క్రషర్ల మోత దూరము నుండే వినిపిస్తుంది. అందమైన చోటని ఎవరినీ నమ్మించను. కాని చూడవలసిన చోటు.

ఒక క్వారీ యజమాని అనుమతితో, బ్లాస్టింగు లేని వేళ, గట్టు మీద నిలబడి చూశాము. నేను ఎంతో సేపు అక్కడే ఉండిపోయాను. క్రింద ఒక నల్లని పొర, పైన ఒక నల్లని పొర, రెండింటి నడుమ తెల్లని సున్నపురాతి పొర, రొట్టెల మధ్య వెన్న పూసినట్లు. క్రింది లావా పారిన తరువాత కొంతకాలము సముద్రము ఈ ఒడ్డు వరకు వచ్చి పోయినది. ఆ కాలములో పేరుకున్న బురద, గుల్లలు ఆ తెల్లపొర. తరువాత మళ్ళీ లావా వచ్చి దానిని కప్పింది. 2008లో గెర్టా కెల్లర్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె బృందము ఈ క్వారీల రాతిని పరీక్షించి, ఆ తెల్లపొరలోని కంటికి ఆనని సముద్రజీవుల పెంకులను బట్టి, రాకాసి బల్లుల కాలము ముగిసి కొత్త కాలము మొదలైన సంధి ఇక్కడే పట్టుబడుతున్నదని ప్రచురించారు. ఆ నాశనానికి ఈ లావా ఎంత కారణము, మెక్సికో దగ్గర పడిన ఉల్క ఎంత కారణము అన్నది వారి మధ్య ఇంకా తెగని వాదము.

మన కుర్రవాడు ఒక రాయి పగులగొట్టి చూపించాడు. లోపల ఇడ్లీలో ఉన్నట్లు గుల్లలు. లావాలోని గాలి బయటికి పోలేక నిలిచిపోయిన చోట్లు అవి. కొన్నింటిలో నీరు చేరి, ఎంతో కాలానికి తెల్లని స్ఫటికాలు పెరిగినవి. ఆడపిల్లలు వాటికోసము కంకరకుప్పలన్నీ వెదికారు. మనిషి కొండలను కుదుళ్ళతో తలక్రిందులు చేసి చీకటిలో రాళ్ళను వెదుకుతాడని యోబు గ్రంథము 28వ అధ్యాయములో ఉన్నది. నేను ఆ అధ్యాయము ఎన్నోసార్లు చదివాను. క్వారీ గట్టు మీద నిలబడి చదివితే వేరుగా వినిపించింది.

అప్పుడే ఇంటరు చదివే ఒక అమ్మాయి, “అన్నా, ఇది నోవహు జలప్రళయము అప్పటిదేనా?” అని అడిగింది. వాడు జవాబు చెప్పలేదు. అందరూ నా వైపు తిరిగారు.

నేను చెప్పినది ఇక్కడ కూడా దాచకుండా వ్రాస్తాను, కొందరు పెద్దలకు నచ్చకపోవచ్చును. ఆదికాండము మొదటి అధ్యాయములోని దినములు ఇరవైనాలుగు గంటల దినములని నమ్మే భక్తిపరులు ఉన్నారు. అవి దీర్ఘకాలములని నమ్మే భక్తిపరులూ ఉన్నారు. దేవుని దృష్టికి వేయి సంవత్సరాలు ఒక దినము వంటివని కీర్తనకారుడు (90:4), పేతురు (2 పేతురు 3:8) ఇద్దరూ తెలియజేశారు. ఆ వాదము నేను తీర్చలేను. కాని అయిదవ శతాబ్దపు ఆరంభములోనే ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో సంఘకాపరి అగస్టీను ఆదికాండము మీద వ్రాసిన వ్యాఖ్యానములో ఒక హెచ్చరిక చేశాడు. భూమి, ఆకాశము, నక్షత్రములను గురించి అన్యులు సైతము అనుభవము వలన ఎరిగిన సంగతులలో క్రైస్తవుడు తెలియక మాట్లాడి, అదే లేఖనమని పట్టుబట్టితే, వినేవారు రక్షణ సంగతిలో కూడా మన లేఖనాలను నమ్మరని అతని భావము. పదహారు వందల సంవత్సరాల క్రిందటి మాట ఇది. రాతి వయసును మందిరపు గుమ్మములో అడ్డుకర్రగా పెట్టే అధికారము మనకు ఎవరూ ఇవ్వలేదు. సిలువ వేయబడి లేచిన ప్రభువును ఒప్పుకొనుటయే గుమ్మము.

కుర్రవాడు ఏమీ అనలేదు. సుత్తి సంచిలో పెట్టుకున్నాడు. మేము గౌరీపట్నము వైపు నడిచాము. అక్కడ గుట్టమీద కతోలికుల నిర్మలగిరి పుణ్యక్షేత్రము ఉన్నది. ప్రతి మార్చి నెలలో జరిగే ఉత్సవానికి వేలాదిమంది కాలినడకన వస్తారు. మరియమ్మను గూర్చి వారి ఆచారములతో మాకు భేదమున్నది గాని, నీడ, త్రాగునీరు ఇచ్చి ఎవరని అడగకుండా కూర్చోబెట్టారు. అక్కడే పులిహోర పొట్లాలు విప్పాము.

మధ్యాహ్నము దిగువకు ప్రయాణము. నిడదవోలు దాటితే రాయి అయిపోయింది. ఇక సముద్రము దాకా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టే. వరి, కొబ్బరి, కాలువలు. అక్కడ సహజముగా గులకరాయి కూడా దొరకదు. రోలు కావాలన్నా, రోడ్డుకు కంకర కావాలన్నా పైనుండి రావలసినదే. ఉదయము మేము చూసిన నల్లరాయే లారీలలో మా ప్రక్కనుండి పోతున్నది. “అయ్యగారూ, లావా ఇంకా పారుతనే ఉంది” అని మా వాడు నవ్వాడు. ఆ రోజు వాడు నవ్వడము అదే మొదటిసారి.

రాత్రి నరసాపురములో ఆగాము. ఈ పట్టణము పేరు మన సంఘచరిత్ర ఎరిగినవారికి కొత్త కాదు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో కూడా ఇంగ్లండు నుండి వచ్చిన విలియము బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యువకులు స్థాపించిన గోదావరి డెల్టా మిషను ఇక్కడే వేరుపట్టింది. తరువాత 1847లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు, రాళ్ళు మోసే కూలీల మధ్య వీరు సువార్త చెప్పారు. ఈ డెల్టాలో అనేక సంఘములకు మూలము ఆ బీదజనమే. చరిత్ర ఇంకా ఉన్నది గాని మా గమ్యము దీపస్తంభము.

తెల్లవారి వశిష్ఠ గోదావరి రేవులో పంటు ఎక్కాము. మోటారుసైకిళ్ళు, కూరగాయల గంపలు, బడిపిల్లలు, మేము. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. అక్కడి నుండి బస్సులో అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి ఆలయము వలన రాష్ట్రమంతటికి తెలిసిన ఊరు అది. ఊరు దాటి పల్లిపాలెము మీదుగా సముద్రపు ఒడ్డున నడిచాము. ఒక ప్రక్క సరుగుడు తోపులు, మరొక ప్రక్క అలలు. ఇసుకలో నడక బండమీద నడక కంటె కష్టము, అడుగు ముందుకు వేస్తే సగము వెనక్కి జారుతుంది. తోపుల మీదుగా స్తంభము కనబడుతూనే ఉన్నది, దగ్గరకు మాత్రము రాదు. చిన్నపిల్లలు దానిని తిట్టుకుంటూ నడిచారు.

దాని పాదము దగ్గరకు చేరి తల ఎత్తి చూసినప్పుడు నాకు కలిగిన మొదటి ఆలోచన ప్రభువు చెప్పిన ఇద్దరు ఇల్లు కట్టువారిని గూర్చి. ఇది ఇసుకమీద నిలిచి ఉన్నది! పడమట బండలమీద పుట్టి పెరిగిన మా పిల్లలకు కూడా అదే వింత. మా వాడే సమాధానము చెప్పాడు. బండ దొరకని చోట పునాది లోతుకు దింపవలసి ఉంటుంది, పైకి కనబడే దానికంటె కనబడని దానిమీద ఎక్కువ పని చేయాలి అని. లూకా సువార్త 6:48లో ఇల్లు కట్టినవాడు లోతుగా త్రవ్వినట్లు ఉన్నది, మత్తయిలో ఆ మాట లేదు. ఎన్నిసార్లు ప్రసంగించినా ఆ తేడా మీద నేను అంతగా నిలువలేదు.

దీపస్తంభమును గూర్చి మన పాటలలో, ప్రసంగాలలో తరచు వినేది ఏమిటి? “రండి, వెలుగు దగ్గరకు రండి” అని పిలుస్తున్నదని. నావికుని అడిగితే నవ్వుతాడు. ఓడ దీపస్తంభము దగ్గరకు వస్తే ఒడ్డు తగిలి పగులుతుంది. ఆ దీపము పిలవదు, తరమదు. నీవు ఎక్కడ ఉన్నావో చెప్పుతుంది. అందుకే ప్రతి దీపానికీ తన గురుతు వేరు. ఇన్ని సెకన్లకు ఇన్ని మెరుపులు అని ముందే అచ్చువేసిన జాబితా ప్రతి ఓడలో ఉంటుంది. చీకటిలో మెరుపులు లెక్కపెట్టుకొని, ఇది ఫలానా చోటు, అనుకొని చుక్కాని త్రిప్పుకోవలసినది నావికుడే. పగటివేళ స్తంభానికి వేసిన రంగులే గురుతు. భూమి గుండ్రన కనుక ఎత్తు ముఖ్యము. 40 మీటర్ల ఎత్తు నుండి సముద్రపు అంచు దాదాపు 22 కిలోమీటర్ల దూరము.

ఈ తీరములో ఆ అవసరము ఎంతటిదో 1867 జూన్ 19న తెలిసింది. ఇక్కడికి ఈశాన్యముగా, గోదావరి మరొక పాయ సముద్రములో కలిసే చోట, సాక్రమెంటో అనే అమెరికా యుద్ధనౌక ఇసుకమేటలకు తగిలి పగిలిపోయింది. కెప్టెను నెపోలియన్ కాలిన్స్ అనుభవము లేనివాడు కాదు, అమెరికా అంతర్యుద్ధములో శత్రునౌకను పట్టి పేరు పొందినవాడు. కాని ఈ తీరములో కొండ లేదు, గుట్ట లేదు. నేల నీటితో సమముగా ఉంటుంది, నది ఏటేటా మేటలు వేస్తుంది. ఆయనను సైనిక న్యాయస్థానము విచారించి కొంతకాలము విధుల నుండి తప్పించింది. ఓడ పోయినా మనుషులందరు బ్రదికారు. అపొస్తలుల కార్యములు 27లో పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఒడ్డు చేరినట్లే. ఆ మేటలకు సాక్రమెంటో పేరే నిలిచిపోయింది.

పల్లిపాలెములో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను మా పిల్లలు అడిగారు, ఇప్పుడు జీపీఎస్ ఉన్నది కదా, ఈ దీపముతో పని ఏమిటని. “ఉందండి బాబూ, మా బోటులోనూ ఉంది. బ్యాటరీ అయిపోయిన రేత్రి ఏం చేత్తారండి? లైటు చూసుకుని వచ్చేత్తాం. అది మా ఊరి లైటని మాకు తెలుత్తది కదండీ” అన్నాడు. “ఎలా తెలుస్తుంది?” అంటే, చేతితో గాలిలో తాళము వేసి మెరుపు, చీకటి, మెరుపు చూపించాడు.

చీకటి పడేవరకు ఉండి దీపము వెలిగిన తరువాత బయలుదేరాము. కుర్రవాడు చిన్నపిల్లలను వరుసలో కూర్చోబెట్టి మెరుపుల మధ్య సెకన్లు లెక్కపెట్టిస్తున్నాడు. నేను కొంచెము ఎడముగా కూర్చున్నాను. వాని తల్లికి ఫోను చేస్తే, “ఏమన్నా మాట్లాడిండా అయ్యగారూ?” అని మొదట అదే అడిగింది. మాట్లాడుతూనే ఉన్నాడమ్మా అన్నాను. “దేవుని సంగతి?” అన్నది. ఇంకా లేదు. నీవు మాత్రము రాత్రి కుటుంబ ప్రార్థన మానవద్దు, వాడు ఇంట్లో ఉన్నా లేకున్నా అదే వేళకు, అదే చోట చేయి అన్నాను. వాడు వచ్చి కూర్చోవాలని పిలవవద్దు, కూర్చోకపోతే ఏడవవద్దు అని కూడా చెప్పాను. ఆ తరువాత వాడు కొన్ని ఆదివారములు వచ్చాడు, కొన్ని రాలేదు. వచ్చిన దినాన వెనుక బల్లమీద కూర్చుంటాడు. సండేస్కూలు పిల్లలు మాత్రము వానిని వదలరు, వారి జేబులలో రాళ్ళు ఎక్కువైనవని తల్లులు నాకు ఫిర్యాదు చేస్తున్నారు.

మీ సంఘము నుండి వెళ్ళదలచినవారికి కొన్ని మాటలు. డిసెంబరు, జనవరి మంచివి. అక్టోబరు, నవంబరులలో తుఫానుల భయము, వరదల దినములలో పంటు ఆపివేస్తారు. క్వారీలలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు, ఎర్రజెండా కనిపిస్తే వెనుదిరగండి, నీరు నిలిచిన పాత గుంటలలో పిల్లలను దిగనివ్వవద్దు. గట్టి అడుగు ఉన్న బూట్లు వేసుకోండి, నల్లకంకర చెప్పులను చీలుస్తుంది. స్తంభము పైకి ఎక్కే వేళలు ముందుగానే కనుక్కోండి. నదీముఖము దగ్గర సముద్రములో స్నానము వద్దు, అడుగున లాగుడు ఎక్కువ. దీపము వెలిగేవరకు ఉండదలచితే తిరుగు పంటు చివరి వేళ రేవులోనే అడిగి పెట్టుకోండి. మేము అడగలేదు, కొబ్బరితోటలో ఒక విశ్వాసి కుటుంబము పధ్నాలుగు మందికీ చాపలు పరచి, చేపల పులుసుతో అన్నము పెట్టింది.